వెస్లీ ఎయిర్‌గన్, రిబ్కమ్మ కన్ను

రిబ్కమ్మ కన్ను తుపాకి పొట్టన పెట్టుకుందని బెల్లంపల్లిలో వాళ్ల బస్తీ అంతా అంటుంది. అనేవాళ్లకేం, నోటికి తాళమా తలుపా? తుపాకి పాపం దాని మానాన అది మంచం మీద పడి ఉంది. అసలు సంగతి ఆ మొగుడూ పెళ్లాలకే తెలుసు.

వెస్లీ బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరైన మనిషి. బొగ్గుకు రంధ్రాలు వేసి, పేలుడు మందు దట్టించి పేల్చడం ఆ పని. పేల్చే ముందు దారి దారికీ మనిషిని నిలబెట్టి, గొంతు చించుకుని కేక వేయాలి. మందు పేలకపోతే అది మిస్‌ఫైర్. ఆలస్యంగా పేలొచ్చు గనుక అరగంట దాకా ఎవరూ దాని ఛాయలకు పోకూడదు. తొందరపడి పోయిన తోటి పనివాడు కొండల్‌ను వెస్లీయే స్ట్రెచర్ మీద పైకి మోసుకొచ్చాడు. ఆనాటి నుంచి ఆ అరగంట అతనికి బైబిలు వాక్యంతో సమానం.

ఇక తుపాకి సంగతి. బదిలీ మీద పోతూ బాయి ఆఫీసరొకాయన ఇచ్చిపోయిన పాత ఎయిర్‌గన్ అది. మామూలువాటిలా గొట్టాన్ని మడిచే రకం కాదు. గొట్టం కిందున్న ఇనుప కడ్డీని లాగితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. ఒకటుంటే చాలదా? చాలదు. అదే రకం ఎక్కడుందని విన్నా వెస్లీ బస్సెక్కేవాడు. హుజూరాబాద్‌లో ఉపేందర్‌రావు గారింట్లో తుప్పు పట్టి పడి ఉన్నదాన్ని బతిమాలి తెచ్చాడు. చొప్పదండిలో కోతులను బెదిరించే రైతు దగ్గర ఇంకొకటి దొరికింది. వాటి సామాను విప్పి మొదటిదాన్ని బతికించుకునేవాడు.

రిబ్కమ్మ దానికి సవతి అని పేరు పెట్టింది. "నా మోకాళ్లకు నూనె తెమ్మంటె యాదికుండది గని, సవతికి మాత్రం నూనె మరువడు" అని కూతురు మహిమకు ఫోన్లో చెప్పి నవ్వేది.

మొన్నటి వానాకాలంలో ఒక సాయంత్రం, ట్రిగ్గర్ దగ్గర స్ప్రింగును పట్టి ఉంచే కొండి అరిగిపోతే తీసేసి, హుజూరాబాద్ తుపాకిది ఆకురాయితో అరగదీసి బిగించాడు. పెరట్లో డబ్బా మూతకు గురిపెట్టి నొక్కాడు. పేలలేదు. మళ్లీ నొక్కినా పేలలేదు.

ఇంకెవరైనా అయితే కడ్డీ పట్టుకుని స్ప్రింగును మెల్లగా వదులు చేసి, లోపలి ఛర్రా గుండు తీసేసేవారు. గాలితుపాకిలో నిప్పెక్కడిది, ఆగి ఆగి పేలడానికి? కానీ వెస్లీ ఒంటికి బాయి తప్ప ఇంకొకటి తెలియదు. మిస్‌ఫైర్ అనుకున్నాడు. బిగిసిన తుపాకిని బిగిసినట్టే పెరట్లో మంచం మీద పెట్టి, గొట్టాన్ని గోడవైపు తిప్పి, అరగంట ఆగుదామని వాకిట్లోకి పోయి కూర్చున్నాడు.

చినుకులు మొదలయ్యాయి. మంచం లోపల వేద్దామని రిబ్కమ్మ పెరట్లోకి వచ్చింది. తుపాకి తడిస్తే మొగుడి ప్రాణం ఉసూరుమంటుందని ముందు దాన్నే అందుకుంది. "సవతి తడుస్తాంది, జర సూడు" అంటూ గొట్టం పట్టుకుని తన వైపు లాగింది. తుపాకి వెనకవైపు కర్ర మడమ మంచం పట్టెకు తగిలింది. కొండి జారింది.

కరీంనగర్‌లో డాక్టర్లు ఛర్రాను తీశారు. చూపును తేలేకపోయారు.

ఇంటికొచ్చాక వెస్లీ తుపాకులన్నిటినీ పెరట్లో వేసి రంపం పట్టాడు. ఇనుము కోసుకుంటూ ఏడ్చాడు. రిబ్కమ్మ కంటికి కట్టుతో గడపలో కూర్చుని చూస్తోంది.

"మిస్‌ఫైర్ అనుకున్న రిబ్కా" అన్నాడు. "అరగంట దాన్ని ముట్టద్దని ఆగిన. అంతే."

రిబ్కమ్మ కంటి కట్టు సర్దుకుంది.

"ఆగినవ్, మంచిదే మహిమ బాపూ. బాయిల ముక్కూ మొకం తెల్వనోళ్లకు గూడ కేకేసి చెప్తుంటివి గద. నాకొక్క కేక ఎయ్యకపోతివి."

వెస్లీ చేతిలో రంపం ఆగిపోయింది.