సాయమ్మ రేకుల మీది సున్నం

సాయమ్మ గది రేకుల మీద సున్నం పూసింది చేతబడికేనని నల్లా దగ్గర ఒక మాట పుట్టింది. బాలింత కూతురికి ఏదో సోకితే, దాన్ని సున్నంతో కట్టేసిందట. ఉత్త మాట. ఆమె సున్నం పూసింది ఎండకు.

కూకట్‌పల్లిలో రుక్కమ్మ ఇంటి వెనక గది సాయమ్మది, కిరాయికి. పగలంతా మాదాపూర్‌లో లేస్తున్న గుండ్రటి భవనం దగ్గర సిమెంటు మాలు మోసేది. తొంభై ఎనిమిది మే నెల. నల్లబడ్డ సిమెంటు రేకుల కింద కూతురు కళ్యాణి, ఆమెకు పుట్టిన నెల కూడా నిండని పసిపాప. పాప ఒళ్లంతా చెమటకాయలు, పాలు తాగడం తగ్గించింది. సాయమ్మ నిచ్చెన వేసుకుని ఎక్కి రేకులన్నీ తెల్లగా పూసింది. అయినా గది చల్లబడలేదు. బాలింతకు గాలి తగలరాదని కిటికీకి గోనెసంచి కొట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి ఉంచింది మరి.

పక్కింటి రంగనాథ్ మాస్టారిది గుంటూరు వైపు, హైస్కూల్లో సైన్సు చెబుతారు. దారిన పోతూ ఆగారు.

"మీ గది అచ్చం శుక్రగ్రహమేనండి సాయమ్మగారూ."

"సుక్కలతోటి మాకేం పని సారూ?"

"తెల్లారగట్ల తూర్పున మెరిసేది అదేనండి. తెల్లటి మబ్బు కప్పుకుని, పడ్డ ఎండలో ముప్పాతిక వంతు వెనక్కి కొట్టేస్తాడు. అయినా సూర్యుడికి ఇంకా దగ్గరున్న బుధుడి కంటే ఈయనే వేడి. చుట్టూ దట్టమైన గాలి, దుప్పటి కప్పినట్టు. లోపలి వేడిని పోనివ్వదు. వచ్చే ఎండెంత, వెనక్కి పోయేదెంత, దుప్పటి పట్టి ఉంచేదెంత, ఏ గ్రహానికైనా చూడాల్సింది ఇదేనండి. మన భూమికి దుప్పటి పల్చన, అందుకే బతుకుతున్నాం."

సాయమ్మ చంకలోని నీళ్ల బిందె దించింది. "ఆయనకు దర్వాజ లేదా సారూ?"

"లేదండి."

"మాకున్నది గద."

లోపలికి పోయి గోనెసంచి పీకేసింది, గుడ్డలు లాగి తలుపు బార్లా తీసింది. ఆ చప్పుడుకు రుక్కమ్మ వచ్చింది. ఆమె పిల్లలంతా మూసిన గదిలోనే పెరిగారు.

"ఏందే, బాలింతను గాలికి పెడ్తున్నవ్? నల్లా కాడ ఏమనుకుంటున్నరో ఎరుకేనా? సక్కగ చెప్పు, గాలంటే నీకు భయం లేదా?"

సాయమ్మ కూతురి చెవుల్లో దూది సర్దుతోంది.

"ఉన్నదక్కా. గాలికైతే చెవుల దూది పెడ్తున్న. ఉడుకుకు ఈ పిల్లకేం పెట్టాలె, నువ్వే చెప్పు."