ఎలుగుబంటి మోకాలి మీద తడి

మా నాన్నగారికి తునిలో బట్టల కొట్టు ఉండేది. ఏ తాను మీదైనా తడి మరక కనిపిస్తే, పైకప్పు కారిందా, పిల్లి వచ్చిందా, గుమాస్తా మంచినీళ్ళు ఒలకబోశాడా అని మూలం దొరికేదాకా వెతికించేవారు. గాలనీ ధూళనీ ఎవరైనా అంటే ఆయనకి ఒళ్ళు మండేది. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. దయ్యాల కథలు ఎన్నో విన్నాను గానీ ఒక్కటీ నమ్మలేదు. ఈ సంగతి కూడా ఇంకెవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్నే. కానీ ఆ తడిని నా చేత్తో ముట్టుకున్నాను.

ఎనభైల మొదట్లో మాట. మా వారు నీళ్ళలోకి దిగి పనిచేసే డైవరు. విశాఖపట్నంలో పని నేర్చుకుని, ఒక కాంట్రాక్టరు దగ్గర చేరి, వంతెనలూ లాకులూ బాగుచేసే పనుల మీద గోదావరి జిల్లాల్లో తిరుగుతుండేవారు. మేం నిడదవోలులో అద్దెకుండేవాళ్ళం. అత్తగారూ మాతోనే ఉండేవారు. పెద్దాపురంలో తరతరాలుగా కిరాణా వ్యాపారం చేసుకునే ఇల్లు వాళ్ళది. కొడుకు కొట్లో కూర్చోకుండా బురదనీళ్ళలో మునిగే పని ఎంచుకున్నాడని ఆవిడకి మహా చిన్నతనంగా ఉండేది. ఎవరైనా అడిగితే "ఏదో కంపెనీలో లెండి" అని మాట మార్చేసేవారు.

డైవర్లు వేసుకునే రబ్బరు సూటులోకి నీళ్ళు రావు. చలి మాత్రం వస్తుంది. గంటల తరబడి అడుగున నిలబడితే వేసవిలో కూడా ఒళ్ళు కొంకర్లు పోతుంది. అందుకని సూటు లోపల, మెడ నుంచి మడమల దాకా ఒకే ముక్కగా కుట్టిన మందపాటి ఉన్ని బట్ట వేసుకుంటారు. గోధుమరంగులో బొచ్చుబొచ్చుగా ఉండేది. మా ఇంట్లో దాని పేరు ఎలుగుబంటి.

మొట్టమొదటి ఎలుగుబంటిని మిగతా బట్టలతోపాటు చాకలికి వేశాం. అలాంటి బట్ట ఆయనెప్పుడు చూశారు పాపం, శుభ్రంగా ఉబ్బలో పెట్టి ఉడికించి తెచ్చారు. పక్కింటి చంటాడికి సరిపోయేటట్టు తయారైంది. మా వారు దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక అలాగే నిలబడిపోయారు. ఆ తర్వాత ఆ పని నేనే తీసుకున్నాను.

గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం కలిపి నానబెట్టేదాన్ని. రుద్దకూడదు, చేత్తో అదుముతూ చెమట వదిలించాలి. చెమట ఉండిపోతే ఉన్ని తేమ పీల్చి వెచ్చదనం పోగొట్టుకుంటుంది. పిండితే సాగిపోతుంది. పాత పంచెలో చుట్టి కాళ్ళతో తొక్కితే నీరంతా పంచె లాగేసుకుంటుంది. దండెం మీద వేస్తే బరువుకి కాళ్ళూ చేతులూ వేలాడిపోతాయని నులకమంచం మీద నీడలో పరిచి, తిరగేస్తూ ఆరబెట్టేదాన్ని. ఆరాక మెత్తటి బ్రష్షుతో బొచ్చు లేపాలి. ఆ బొచ్చు మధ్య నిలిచే గాలే మనిషిని వెచ్చగా ఉంచేది. ఆఖరున ఎండు వేపాకు వేసి బీరువాలో పెట్టేదాన్ని. మా వారికి రెండు ఎలుగుబంట్లు ఉండేవి, ఒకటి వాడకానికి, ఇంకోటి మార్పుకి.

ఆ ఏడు ఆషాఢంలో కాలువలకి కొత్తగా ఎర్రనీరు వచ్చింది. అదే వారం గాలివానకి గట్టు మీద చెట్టొకటి కాలువలో పడి, కొట్టుకొచ్చి, మా ఊరికి దగ్గర్లో ఉన్న లాకు తలుపుకి అడ్డంగా ఇరుక్కుంది. మూసి ఉన్న తలుపు ఇక పైకి లేవలేదు. పైన నీళ్ళు నిండుగా ఉన్నాయి, కిందికి చుక్క లేదు. మొగల్తూరు వైపు నుంచి రైతులు లారీల్లో వచ్చి గట్టు మీదే కూర్చున్నారు. నారుమళ్ళు నెర్రెలిస్తున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఆ ఊళ్ళకి ఆ ఏడు పంట లేనట్టే.

అడుగుకి దిగి, మాను కొమ్మలు కోసి, ఇనపతాడు కట్టి రావాలి. ఆ పని మా వారికి అప్పగించారు. తెల్లవారగానే లాకు దగ్గరికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం దిగుతానని, ఈలోపు ఎలుగుబంటిని పంపమని చెప్పారు.

పంపే ముందు ఓసారి చూద్దామని బీరువా తెరిచాను. కుడి మోకాలి వెనక అరచేతి మేర తడిగా ఉంది.

అది ఉతికి, ఆరి, బీరువాలో చేరి చాలా రోజులైంది. కింద మడతలు పొడిగా ఉన్నాయి. పైన ఉన్న పట్టుచీర పొడిగా ఉంది. బీరువా వెనక గోడ తడిమి చూశాను, చెమ్మ లేదు. సరే, మార్పుకి ఉంచిన రెండోది తీశాను. అది వేరే గదిలో, ట్రంకుపెట్టెలో ఉంది. దానికీ కుడి మోకాలి వెనకే తడి. సరిగ్గా అంతే మేర.

అత్తగారిని పిలిచాను. ఆవిడా నాలాగే ముందు పిల్లిని అనుమానించారు. రెండింటినీ ఫ్యాను కింద మంచం మీద పరిచాం. ఆరిపోయాయి. "ఏ పిల్లొస్తుందో నేనూ చూస్తా" అని ఆవిడ కత్తిపీట తెచ్చుకుని మంచం ఎదురుగానే బెండకాయలు తరగడం మొదలెట్టారు. నేను వంటింట్లోకి వెళ్ళాను.

కాసేపటికి "అమ్మాయ్" అని పిలిచారు. ఆ గొంతు నేనంతకు ముందు వినలేదు. వెళ్ళేసరికి చేతిలో బెండకాయ అలాగే ఉంది. మంచం మీద ఆ పొడి ఉన్ని, మేమిద్దరం చూస్తుండగా, మోకాలి దగ్గర మెల్లగా నల్లబడుతోంది. రెండింటికీ.

ఆవిడ వేలితో అద్ది చూశారు. వేలికి ఎర్రటి ఒండ్రు అంటింది.

"ఇది మన నూతి నీళ్ళు కాదే."

"కాలువ నీళ్ళండీ అత్తయ్యగారూ" అన్నాను.

నాకు భయం వేసిందని చెప్పను. నాన్నగారి కొట్లో పెరిగిన బుద్ధి, మూలం వెతకాలనిపించింది. రెండు వేర్వేరు బట్టలకి ఒకే చోట మరక పడితే తప్పు బట్టలది కాదు. ఆ చోటు మీద ఇంకేం ఉంటుంది? సూటు. అదేమో లాకు దగ్గరే ఉంది.

అత్తగారికి చెప్పాను. ఆవిడ వెంటనే చెప్పులు వేసుకుని రిక్షాని పిలిచారు. నేను రెండు ఎలుగుబంట్లనీ మూటగట్టాను. కొడుకు పనిచేసే చోటుకి ఆవిడ రావడం అదే మొదలు.

మమ్మల్ని చూసి మా వారు కంగారుపడ్డారు. విషయం చెబితే ముఖం చిట్లించారు.

"బట్ట తడిస్తే సూటు చూడమంటావేంటి? నిన్ననే పరీక్ష చేశాం. అవతల అంతమంది ఎదురు చూస్తున్నారు."

"ఇంకోసారి చూస్తే అరిగిపోతుందేంట్రా?" అన్నారు అత్తగారు, గట్టు మీదున్న వాళ్ళందరికీ వినబడేలా.

పైన గాలిగొట్టం చూసుకునే అప్పన్నగారు పెద్దాయన. మా వారి ప్రాణం ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. ఆయన సూటులోకి గాలి కొట్టి, సబ్బునురగ రాశారు. ఎక్కడా బుడగ రాలేదు. రైతుల్లో ఎవరో విసుక్కున్నారు. మా వారు నా వైపు చూశారు.

"కుడి మోకాలు వంచి చూడండి అన్నయ్యగారూ" అన్నాను.

ఆయన ఆ కాలిని మడిచారు. మడత వెనక, పాత అతుకు అంచున, సన్నటి బుడగలు వరసగా లేచాయి. బొటనవేలితో నొక్కితే, అట్టు పెనం మీంచి లేచినట్టు అతుకు మొత్తం ఊడి వచ్చింది. సూటు పరిచి చూస్తే అంటుకునే ఉంటుంది. అడుగున మోకాళ్ళ మీద కూర్చుని రంపం లాగేటప్పుడు ఊడుతుంది. నడుముకి సీసపు దిమ్మలు, కాళ్ళకి సీసపు బూట్లు, సూటు నిండా నీళ్ళు. పైకి రావడం ఉండదు.

మా వారు ఊడిన అతుకుని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. దాన్ని అప్పన్నగారి చేతిలో పెట్టి, "కొత్త అతుకు వెయ్యండి. దిగుతాను" అన్నారు.

అతుకు ఆరేదాకా ఆగారు. మళ్ళీ గాలి కొట్టారు, మోకాలు వంచి చూశారు, మోచేతులూ వంచి చూశారు. ఎలుగుబంటిని నేనే అందించాను. అప్పటికి అది పొడిగా ఉంది. రెండోదీ అంతే. ఎప్పుడు ఆరాయో నేను చూడలేదు.

ఆయన దిగాక ఎర్రనీళ్ళ మీద బుడగలు తప్ప ఏమీ కనపడలేదు. అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. మా వారు ఒకసారి పైకొచ్చి, ఊపిరి తీసుకుని, రంపం మార్చుకుని మళ్ళీ దిగారు. ఆఖరికి అప్పన్నగారి చేతిలోని సైగ తాడు గట్టిగా కదిలింది. ఆయన "లాగండ్రా!" అని అరిచారు. ఇనపతాడు బిగిసి కప్పీ కిర్రుమంది. ఒళ్ళంతా బురదతో, వేళ్ళతో సహా, మాను నీళ్ళలోంచి లేచింది.

మా వారు గట్టెక్కి, తలకి బిగించిన ఇత్తడి టోపీ, సూటు విప్పాక లాకు వాళ్ళు తలుపు ఎత్తారు. అవతల ఎండిన కాలువలోకి నీళ్ళు దూకిన ఆ చప్పుడు ఈ వయసులో తలుచుకున్నా నా ఒళ్ళు పులకరిస్తుంది. మొగల్తూరు రైతులు తువ్వాళ్ళు ఎగరేశారు. కొబ్బరికాయలు ఎక్కణ్ణించి వచ్చాయో వచ్చాయి. ఒక ముసలాయన పరిగెత్తుతున్న నీళ్ళ వెంట గట్టు మీద తనూ పరిగెత్తాడు. మా వారిని భుజాల మీదికి ఎత్తుకున్నారు, ఇంకా ఎలుగుబంటిలోనే ఉన్నారాయన.

"ఎవరండీ ఆయన?" అని వెనకొచ్చిన వాళ్ళెవరో అడిగారు.

"మా అబ్బాయండీ! డైవరు!" అన్నారు అత్తగారు. అడగని వాళ్ళకి కూడా చెప్పారు.

సాయంత్రం దాన్ని ఉతకబోతూ కుడి మోకాలి దగ్గర తిరగేసి చూశాను. చెమట వాసన తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు నీళ్ళలోకి దిగారు. దిగే ప్రతిసారీ ముందు ఆ బట్టని అంగుళం అంగుళం తడిమి చూసేదాన్ని. మళ్ళీ ఎప్పుడూ తడి కనిపించలేదు. చదువుకున్న వాళ్ళని అడిగాను. ఉన్ని గాల్లో తేమ పీలుస్తుందని ఒకరన్నారు. పీలిస్తే ఒండ్రు ఎక్కడిది? రెండింటికీ ఒకే చోటేమిటి? నాన్నగారు సైతం మొత్తం విని, చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "మూలం దొరకలేదమ్మా" అన్నారు.

ఆ తడితో ఎవరో మాకు చెప్పారు. ఎవరో నాకు తెలియదు. విని రిక్షా ఎక్కాం, అంతే.