గునుగుపూల పరుపు

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా పక్క వాటాలో కిరాయికి ఉండే అక్క దగ్గర ఒక తాబేలు ఉండేది. అలాంటిదాన్ని ఇంట్లో పెంచడం నేరం. అప్పట్లో మా గల్లీలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. వీపు మీద పసుపు చారలతో, అరచేతిలో పట్టేంత ఉండేది. పెళ్ళయి వచ్చేటప్పుడు తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నదట. అక్కకు అదంటే ప్రాణం.

బతుకమ్మ పండుగకు తల్లిగారింటికి వెళ్తూ అక్క దాన్ని నాకు అప్పగించింది. రంగు వేయని పాత చెక్కపెట్టె, అడుగున ఎర్రమట్టి, పైన ఎండుగడ్డి. "రోజూ జర పచ్చగడ్డి వెయ్యి, మూకుట్ల నీళ్ళు పెట్టు. ఇంకేం చెయ్యకు," అంది. తల ఊపాను గానీ, ఆ పెట్టెను చూస్తే నాకు నామోషీగా ఉండేది. దోస్తులు నవ్వుతారని భయం.

సద్దుల బతుకమ్మ రోజు మా ఇంట్లో బతుకమ్మను పేర్చగా పూలు మిగిలాయి. గునుగుపూలు తెల్లగా ఉంటాయి కదా, నారాయణగూడ దుకాణంలో కొన్న రంగుపొడి నీళ్ళలో కలిపి వాటిని ముంచి ఆరబెట్టేవాళ్ళం. పెట్టెలోని మట్టి, గడ్డి పారేసి, మిగిలిన ఊదారంగు పూలన్నీ పరిచాను. గల్లీలో ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించాను. రాణిగారి మంచంలా ఉందని మెచ్చుకుంటే ఉబ్బిపోయాను.

అది పరుపని తాబేలుకు ఎవరు చెప్పాలి? తినడం మొదలుపెట్టింది. తర్వాత గడ్డి ముట్టడం మానేసి, తల లోపలికి లాక్కుని ఒక మూలన ఉండిపోయింది. నిద్రపోతోందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

దసరా వెళ్ళాక అక్క తిరిగొచ్చింది. చేతిలో సంచి దించకముందే పెట్టె దగ్గరికి వచ్చింది. తాబేలును పైకి తీస్తే దాని మూతి ఊదాగా ఉంది. అక్క కళ్ళలో నీళ్ళు చూసి నేను సిగ్గుతో చచ్చిపోయాను. గోరువెచ్చని నీళ్ళతో దాన్ని మెల్లగా కడిగింది. తర్వాత ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి, పెట్టెలోంచి గుప్పెడు పూలు తీసి వేసింది. చూస్తుండగానే నీళ్ళు ఊదారంగుకు తిరిగాయి. గ్లాసు నా ముందుకు జరిపింది.

"తాగు," అంది.

"నేనెట్ల తాగుత అక్కా? అది రంగు."

"మరి దానికెట్ల పెట్టినవ్?" గొంతు పెంచలేదు. "నీ కంటికి మంచిగున్నదని పెట్టినవ్. దాని కడుపుల పడితే ఏమైతదో ఆలోచించినవా?"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని అశోక్‌నగర్ వైపు ఖాళీ జాగా నుంచి మట్టి, గడ్డి తెచ్చింది. మట్టి, గడ్డి కాక పెట్టెలో పెట్టే మిగతా ప్రతిదాన్నీ తడిపిన తెల్లగుడ్డతో నాచేత రుద్దించింది. గుడ్డకు రంగు గానీ ఘాటు వాసన గానీ అంటితే వద్దంది. తాబేలు మళ్ళీ గడ్డి కొరికేదాకా నాకు అన్నం సయించలేదు. అది కోలుకుంది. అయినా, ఆ పూల పరుపు ఏమైందని ఎవరైనా అడిగితే తలవంచుకుని ఇంట్లోకి పోయేదాన్ని.

మరుసటి ఏడు బతుకమ్మకు అక్క ఆ పెట్టెను మళ్ళీ నా చేతికే ఇచ్చి వెళ్ళింది. ఏం చెయ్యకూడదో ఈసారి చెప్పలేదు కూడా. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని; ఆ నమ్మకానికి పడ్డ సిగ్గు మాత్రం పోలేదు. ఇప్పుడు మనవరాలికి ఏ బొమ్మ కొన్నా ముందు వేలు తడిచేసి దాని మీద రుద్ది చూస్తాను. దుకాణదారు వింతగా చూస్తాడు. వేలికి ఏ రంగూ అంటకపోయినా, ఆ ఊదారంగు మూతి ఒకసారి కళ్ళ ముందు మెదులుతుంది.