నెత్తురు తీసే ముందు బలం మాత్ర

నా భార్యకు థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయదని ఎన్నో ఏళ్ల కిందటే తేలింది. రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకుంటే మామూలుగా ఉండేది. ఏడాదికి రెండు మార్లు మదనపల్లెలో రక్తపరీక్ష చేయించి డాక్టరుకు చూపించేవాళ్లం. మాత్రలు, పరీక్షలు అన్నీ నేను డైరీలో రాసుకునేవాడిని. రిటైరయ్యాక నాకు మిగిలిన ఆఫీసు అదే.

పోయిన ఎండాకాలం తర్వాత వచ్చిన రిపోర్టు తలకిందులైంది. ఒంట్లో హార్మోను ఎక్కువైందని ఉంది. డాక్టరు మాత్ర మోతాదు తగ్గించారు. మళ్లీ పరీక్ష చేస్తే అదే మాట. ఈసారి మాత్ర పూర్తిగా ఆపమన్నారు. కాగితంలో ఉన్నదాన్ని బట్టి ఆయన చేసింది సరైనదే.

మాత్ర ఆపాక మనిషి మెల్లమెల్లగా మందగించింది. ముఖం ఉబ్బింది. ఇంట్లో అందరం ఫ్యాను కింద కూర్చుంటే ఆమె దుప్పటి కప్పుకునేది. ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ తీస్తూ, చేతిలో కాయ అట్లే పట్టుకుని ఉండిపోయేది. పిలిస్తే చాలాసేపటికి తలెత్తేది. వయసు అనుకుందామంటే, వయసు ఇంత తొందరగా మీద పడదు.

పుంగనూరులో ఆమె తమ్ముడున్నాడు. పశువుల బేరగాడు. అక్కను చూసిపోదామని వచ్చి, చూసి కంగారుపడ్డాడు. ఆమె నవ్వుతుందని కావాలనే గట్టిగా అన్నాడు:

"బావా, ఎద్దును కొనాలన్నా ఇద్దరికి చూపిస్తాం. అక్కను ఒక్క ల్యాబుతోనే సరిపెడతావా? మా ఊర్లో ఇంకొకటి ఉండాది, రాండి."

"మీ అక్క ఎద్దా?"

"నిన్ను ఇన్నేళ్లు లాక్కొచ్చింది గదా, ఇంకేమనల్ల?"

వేరే రోజైతే ఆమె తమ్ముడి వీపున ఒకటి చరిచేది. ఆ రోజు గోడ వైపు చూస్తూ కూర్చుంది.

పుంగనూరు ల్యాబులోనూ అదే ఫలితం వచ్చింది. రెండు చోట్లా ఒకటే వచ్చాక ఇక సందేహించడానికి ఏముంది? వాపుకు వేరే కారణం తర్వాత వెతుకుదామని, ముందు గ్రంథి సంగతి తేల్చాలని డాక్టరు పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడ స్కాన్ తీసి, అవసరమైతే గ్రంథిని మాడ్చే మందు తాగిస్తారట. ఒకసారి మాడిస్తే అది మళ్లీ రాదట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. పెద్దాసుపత్రికి పోకముందు కుప్పంలో ఒక డాక్టరమ్మకు చూపిద్దామని బావమరిది పట్టుబట్టాడు. ముగ్గురం పలమనేరు మీదుగా బస్సులో వెళ్లాం.

డాక్టరమ్మ రిపోర్టులన్నీ చదివి, నా భార్య మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఈ కాగితం ప్రకారం ఈమె గుండె పరిగెత్తాలి, ఒళ్లు చెమట పట్టాలి. చెయ్యి చూస్తే ఇంత చల్లగా ఉంది. నాడి మెల్లగా ఉంది. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?"

"ఏమీ లేదమ్మా," అంది ఆమె. నా డైరీలోనూ ఏమీ లేదు.

సరే, మళ్లీ రక్తం తీసి చూద్దామన్నారు. నర్సు వచ్చి చేతికి రబ్బరు పట్టీ కడుతుంటే నా భార్య, "ఉండు తల్లీ" అని కొంగు ముడి విప్పి ఒక మాత్ర తీసింది. "కాసిన్ని నీళ్లియ్యి."

"యాలమ్మా? ఏం మాత్ర అది?"

"బలం మాత్ర. నెత్తురు తీస్తాండావు గదా. బలం పోకుండా ముందే వేసుకుంటా. రోజూ ఒకటి. నెత్తురిచ్చే పొద్దు రెండు."

నర్సు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. లేచి వచ్చి మాత్ర పేరు చదివారు. "మందులు ఏమీ లేవన్నారే?"

"ఇది మందా? మందు రోగానికి గదమ్మా. ఇది జుట్టు ఊడకుండా, బలానికి, ఎండాకాలం నుంచి వేసుకుంటాండా."

మా వైపు అంతే. రాగి మాల్టు బలం, నువ్వులుండ బలం, టానిక్కు బలం. వాటిని ఎవరూ మందుల లెక్కలో వేయరు. ఆ మాత్రల సీసా అద్దం దగ్గర కొబ్బరినూనె పక్కన ఉండడం నేను రోజూ చూసేవాడినే.

డాక్టరమ్మ ఆ పూట రక్తం తీయనివ్వలేదు. ఆ మాత్రలో బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో ఉందన్నారు. చాలా ల్యాబుల్లో ఇలాంటి పరీక్షలు ఆ విటమిన్‌నే జిగురులా వాడుకుని హార్మోన్లను పట్టుకుంటాయట. రక్తం నిండా అదే ఉంటే జిగురు అంటుకోదు, లెక్క తారుమారై లేని హార్మోను ఉన్నట్టు చూపిస్తుంది. రెండు ల్యాబుల్లోనూ ఆ రకం మిషనే ఉండి ఉంటుందన్నారు. ఒక వారం ఆ మాత్ర మానేసి రమ్మన్నారు.

వారం తర్వాత వచ్చిన రిపోర్టు పాతవాటికి పూర్తిగా ఎదురు. ఒంట్లో హార్మోను లేనట్టే ఉంది.

"ఆ మాడ్చే మందు తాగించి ఉంటే?" అని అడిగాను.

"ముందు పాత మాత్ర మొదలుపెడదాం," అన్నారు డాక్టరమ్మ. "కొంచెంతో మొదలుపెట్టి పెంచుదాం. గుండె తట్టుకోవాలి గదా."

ఆమె తిరిగి మనిషి కావడానికి చలికాలమంతా పట్టింది. మొదట దుప్పటి వదిలింది. తర్వాత ముఖం వాపు దిగింది. ఆ తర్వాత మాట వచ్చింది.

ఒక పొద్దున వాకిట్లో నిలబడి వీధి చివరికి చూస్తూ అడిగింది. "ఏమయ్యా, టైలరు భార్య ఈ మధ్య మనింటి పక్కకే రాలేదు యాల? నా మీద కోపమొచ్చిందా?"

వాళ్లిద్దరిదీ పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పటి స్నేహం. ఈమె తెలుగులో అడిగితే ఆమె సగం ఉర్దూలో బదులిచ్చేది.

"ఆమె పోయింది," అన్నాను. "వానాకాలంలోనే. నువ్వూ వచ్చినావు. ఆడోళ్ల మధ్య కూర్చున్నావు."

వీధి మీంచి చూపు నా మీదికి తిప్పింది. "ఏడ్చినానా?"

"లేదు."

లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. ఇద్దరం వీధి చివరి దాకా నడిచాం. టైలరు మమ్మల్ని చూసి మిషను ఆపి లేచి, "రాండి అమ్మా" అన్నాడు. ఆమె గడప దాటి, ఎవరూ చెప్పకముందే గోడ వారగా కింద కూర్చుని ఏడ్చింది.