ఇరవై సీట్లకు చెరుకు గడలు

2024 ఫిబ్రవరి. చోడవరం నుంచి మాడుగుల వెళ్ళే రోడ్డు పక్కన, చెరుకు తోటల మధ్య ఒక వినోదాల పార్కు కడుతున్నారు. ప్రారంభానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. అందులో అన్నిటికంటే పెద్దది మైన్ ట్రైన్ రోలర్ కోస్టర్. దాన్ని పరీక్షించి, జనాన్ని ఎక్కించవచ్చో లేదో రాసివ్వడం నా పని. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు, క్రేన్లు, ఎగ్జిబిషన్లలో తిరిగే జెయింట్ వీల్స్ చూసి సంతకాలు పెడుతున్నాను. నేను పుట్టి పెరిగింది చోడవరంలోనే. నాకు కోపం ఎక్కువని మా ఆఫీసులో అందరూ అంటారు. ఎందుకొచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే ముందు ఇదే చెబుతాను.

రోలర్ కోస్టర్ అనగానే అందరికీ ఎత్తు గుర్తొస్తుంది. మైన్ ట్రైన్ ఎత్తుతో భయపెట్టదు. 1960ల్లో అమెరికాలో చెక్క పట్టాలకు బదులు ఉక్కు గొట్టాలు వంచి పట్టాలు వేయడం మొదలైంది. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు కాబట్టి, నేలకు ఆనుకుని, రాళ్ళ సందుల్లోంచి, గుహల్లోంచి మెలికలు తిరిగే బండి కుదిరింది. దానికి పాత గనుల్లో ఖనిజం మోసే బళ్ళ వేషం వేశారు. పట్టు తప్పిన బండి తనంతట తనే పరిగెడుతోందన్నది కథ. ఒకే పెద్ద ఎత్తు బదులు రెండు మూడు చిన్న ఎత్తులు ఉంటాయి. ప్రతి ఎత్తునా కింద గొలుసు లాగుతుంది. ఎక్కేటప్పుడు టకటకమని వినిపించేది యాంటీ రోల్‌బ్యాక్, అంటే గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పట్టే ఇనప పళ్ళు. చాలామంది ఆ చప్పుడుకి భయపడతారు. అది వినిపించకపోతే భయపడాలి.

ఈ బండి వేగం మరీ ఎక్కువేం కాదు, ఖాళీ రోడ్డు మీద ఆటో పోయినంత. భయమంతా దగ్గరగా పోవడంలో ఉంది. దూలం తలకి కొడుతుందేమో అనిపించాలి కానీ కొట్టకూడదు. పొడుగాటి మనిషి కూర్చుని చేతులు ఎటు చాపినా, పైకెత్తినా ఏదీ తగలని జాగాని మేము క్లియరెన్స్ ఎన్వలప్ అంటాం. తెలివైన డిజైనర్ దూలానికి కాస్త ముందు పట్టాని కిందికి దించుతాడు. కూర్చున్నవాడి కంటికి దూలం మీద పడుతున్నట్టే ఉంటుంది, దాని కిందికి వచ్చేసరికి బండి అప్పటికే దిగిపోయి ఉంటుంది. మైన్ ట్రైన్ కట్టడంలో పనితనమంతా అదే.

ఓనరు భాస్కరరావు గారు. కాంట్రాక్టులు చేసి పైకొచ్చిన మనిషి. పట్టాలు, బండి వేరే రాష్ట్రంలో ఫ్యాక్టరీ నుంచి తెప్పించారు. రాళ్ళు, గుహ, అందులో దూలాలు మాత్రం ఇక్కడే పెళ్ళి సెట్టింగులు వేసే అతనిచేత కట్టించారు. ఇనప దూలాలకి సిమెంటు పూసి, చెక్కలాగా రంగు వేశారు. చూడ్డానికి బాగుంది, అబద్ధం చెప్పను.

ఆ రోజు లోడ్ టెస్ట్. బండి నిండా బరువు వేసి నడిపి, గొలుసు, చక్రాలు, బ్రేకులు చూడాలి. బరువంటే ఇసక మూటలు, లేదా మనిషి ఆకారంలో నీళ్ళు నింపే ప్లాస్టిక్ బొమ్మలు. నేను పొద్దున తొమ్మిదింటికి వెళ్ళేసరికి బండిలో మూటలు లేవు. ఐదు పెట్టెల్లో ఇరవై మంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పార్కులో మొక్కలు నాటి, రాళ్ళు మోసి, ఊడ్చే కూలీలు. తలల్లో పూలు, ఉతికిన చీరలు. తొడల మీదికి దిగి మనిషిని పట్టి ఉంచే ల్యాప్ బార్లు అప్పటికే బిగించేశారు. ఆపరేటర్ చెయ్యి బటన్ మీద ఉంది.

ఆ చెయ్యి తియ్యమని నేను అరిచిన అరుపు రోడ్డు మీద చెరుకు లారీవాడికి కూడా వినిపించి ఉంటుంది.

"ఏటి చేస్తన్నారండీ మీరు?" అన్నాను భాస్కరరావు గారితో.

"ఇసక మూటలైతే కొత్త సీట్లు గీరుకుపోతాయి మేడమ్. మీక్కావల్సింది బరువే కదా. వీళ్ళూ బరువే కదా."

"ఈ బండి ఇంతవరకు ఒక్క మనిషిని మొయ్యలేదు. బ్రేకు పడుద్దో లేదో మీకు తెలీదు, నాకూ తెలీదు."

"ఫ్యాక్టరీ వాళ్ళు గట్టిదే అన్నారండి."

"అయితే మీరెక్కండి."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బార్లు విప్పించి అందరినీ దించేశాను. వాళ్ళు దణ్ణం పెడతారనుకోలేదు గానీ, తిడతారని కూడా అనుకోలేదు. ముందు సీట్లోంచి దిగినావిడ అప్పలనరసమ్మ. రోలుగుంట మనిషి, ఆ కూలీలకి మేస్త్రీ లాంటిది. నా ముందుకొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మేం కూకుంటే నీకేటమ్మా నొప్పి? ఏడాది నుంచి ఈ రాళ్ళు మోసింది మేం. ఇది తెరిసేక మమ్మల్ని దీని కాడికి రానిస్తారా? టికెట్టు కొని ఎక్కగలమా? ఆయన ఊరికినే ఎక్కిస్తానన్నాడు, నువ్వొచ్చి దించేస్తన్నావు."

"బాగుందో లేదో సూసేక ఎక్కుదురు గానీ అప్పా."

"సూసేక మాకెవులు సెప్తారు?" అంది. వెనక ఉన్నవాళ్ళు ఏదో గొణిగారు. వాళ్ళ చూపుల్లో ఓనరు మంచోడు, నేను చెడ్డదాన్ని. కొత్త సీట్లు గీరుకుపోకుండా వాళ్ళ సరదాని వాడుకున్నాడు ఆ మనిషి.

మధ్యాహ్నానికి మూటలొచ్చాయి. బండి నడిచింది. గొలుసు, చక్రాలు, బ్రేకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "చూసేరా, ఏమీ అవలేదు," అని భాస్కరరావు గారు నవ్వారు. తరవాతది ఎన్వలప్ టెస్ట్. దానికి సీట్లకు తేలికపాటి ఫ్రేము కట్టి, అది దేనికైనా తగులుతుందేమో చూడాలి. ఆ ఫ్రేము రాలేదు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

ఫిట్టర్ దేముడు చక్కెర మిల్లులో పనిచేసి వచ్చినవాడు. "పక్కనే తోట ఉంది గదమ్మా. సెరుకు గడలు కడదాం. సెయ్యి పొడుగెంతో సెప్పు, నరుకుతాను," అన్నాడు. నాకు నచ్చింది. పొడుగాటి మనిషి చెయ్యి కొలత ఇచ్చాను. సీటుకి రెండు గడలు, ఒకటి పక్కకి, ఒకటి పైకి. నలభై గడలు తాళ్ళతో బిగించి కట్టాం. అప్పలనరసమ్మ వాళ్ళు పని మానేసి గట్టు మీద నిలబడి చూస్తున్నారు. వాళ్ళ సీట్లలో చెరుకుని కూర్చోబెట్టానని ఇంకా గుర్రుగానే ఉన్నారు.

బండి రెండో ఎత్తు ఎక్కి, దిగి, గుహలోకి పోయింది. లోపల పటపటమని చప్పుడు. ఎవరో మట్టలు విరుస్తున్నట్టు. బండి బయటికొచ్చి, జనం ఎక్కి దిగే స్టేషన్లో ఆగింది. పక్కకి కట్టిన గడలు బాగానే ఉన్నాయి. పైకి కట్టినవి ఇరవైకి ఇరవై మధ్యకి విరిగి వేలాడుతున్నాయి. సీట్ల మీదికి రసం కారుతోంది.

అప్పలనరసమ్మ గట్టు దిగి వచ్చి, పొద్దున తను కూర్చున్న సీటు దగ్గర నిలబడింది. విరిగిన గడని పట్టుకుని చూసింది. "గుహలోకి ఎల్లగానే అందరం సేతులెత్తి అరవాలనుకున్నాం," అంది మెల్లగా. "టీవీలో అలగే ఎత్తుతారు గదా."

నేను గుహలోకి వెళ్ళాను. నిచ్చెన వేసి కొలిచాను. దూలాలు డ్రాయింగులో ఉన్నదానికంటే మూరెడు కిందికి ఉన్నాయి. భాస్కరరావు గారు ఏదో విదేశీ వీడియో చూసి, దూలం తల మీదికొచ్చినట్టు ఉండాలని దింపించారట. ఆ వీడియోలో దిగింది పట్టా, దూలం కాదు. అది అడగాలని ఆయనకి తోచలేదు, అడగడానికి నాకు ఫోన్ చెయ్యాలనీ తోచలేదు.

"చేతులు పైకెత్తరాదు అని బోర్డు రాయిద్దాం మేడమ్. మూడు భాషల్లో."

"చేతులెత్తి అరవడానికే కదండీ ఈ బండి కట్టింది. రమ్మని పిలిచి, ఎత్తితే విరుగుతాయని బోర్డు పెడతారా? పొద్దున ఆ ఇరవై మందికి ఏ బోర్డు చూపించేరు? సెయ్యి పోతే ఆళ్ళు ఏ పని చేసుకు బతుకుతారు?"

ఆయన ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. రెండు వారాల కిందట నేనిచ్చిన మొదటి రిపోర్టు. గుహలో ఎత్తులు డ్రాయింగ్ ప్రకారం ఉన్నాయని నేనే రాశాను. కింద నా సంతకం. "మీరు ఓకే అన్నాకే కదండీ మేం నమ్మేం," అన్నారు.

దూలాలు అప్పటికే దింపి ఉన్నాయి. ఆ రోజు నిచ్చెన లేదన్నారు, నేను సరేలే అన్నాను. టార్చి వేసి చూసి, డ్రాయింగ్ చూసి, టిక్కు పెట్టి వెళ్ళిపోయాను. అప్పటిదాకా ఆయన్ని తిట్టిన నోటితో నన్ను నేను తిట్టుకున్నాను. ఆ కాగితాన్ని అక్కడే అడ్డంగా కొట్టేసి, కింద 'తప్పు' అని రాసి తారీఖు వేశాను. దూలాలు పైకెత్తేదాకా సంతకం లేదని చెప్పాను.

ఆరు రోజుల్లో ఎత్తారు. మళ్ళీ నలభై గడలు కట్టి నడిపాం. ఒక్కటీ విరగలేదు. అప్పుడు సంతకం పెట్టాను. భాస్కరరావు గారు అందరి ముందూ, "ప్రారంభం రోజు మొదటి ట్రిప్పు మా పనోళ్ళదే," అన్నారు. కూలీలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ప్రతి బోల్టూ కాగితం మీద రాసే నేను, ఆ మాటని మాత్రం కాగితం మీద పెట్టించలేదు.

ఏడాది తిరిగింది. 2025 ఫిబ్రవరిలో వార్షిక తనిఖీకి వెళ్ళాను. గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పెడుతూ అప్పలనరసమ్మ కనిపించింది. బండి ఎలా ఉంది, సరదాగా ఉందా అని అడిగాను.

"నాకేటి తెలుస్తాదమ్మా. ఇసక మూటలెక్కేయి. సెరుకు గడలెక్కేయి. తెరిసిన రోజు వచ్చిన పెద్దోళ్ళ సుట్టాలందరూ ఎక్కేరు. మేమే ఎక్కనేదు. గడ్డి తొక్కకుండా జనాన్ని సూసుకోమన్నారు."

ఆ మాట నాకు చెంప దెబ్బలా తగిలింది. "ఈ రోజు ఎక్కుదురు. చివరి పరీక్ష ఎలాగూ మనుషులతోనే. మీరే ఎక్కండి," అన్నాను.

"నానెక్కను."

"ఏం?"

"దూలాలు మళ్ళీ దించనేదని నీకెవులు సెప్పేరు?"

పార్కువాళ్ళు రోజూ నింపే తనిఖీ కాగితాలు నా ఫైల్లో ఉన్నాయి. క్లియరెన్స్ బాగుంది అని రోజుకో టిక్కు. అవి చూపించబోయి ఆగిపోయాను. నా ఆ రోజు ప్లాను కూడా బ్రేకులు, గొలుసు, వెల్డింగులు చూసి, గుహలో టార్చి వేసి వచ్చేయడమే. దేముడిచేత నిచ్చెన తెప్పించాను. టేపు ఒక కొస అప్పలనరసమ్మ చేతికిచ్చి, పట్టా మీద ఆనించి పట్టుకోమన్నాను. రెండో కొస పట్టుకుని నేను నిచ్చెన ఎక్కాను.

దూలాలు ఎత్తిన చోటే ఉన్నాయి. మూడో దూలం కింద మాత్రం ఇనప ఫ్రేము వేసిన ఒక ప్రకటన బోర్డు వేలాడుతోంది. నగల దుకాణానిది. చెయ్యెత్తితే తగిలే ఎత్తులో ఉంది. వారం కిందట పెట్టారట. "వద్దని సెప్పేనమ్మా, ఇన్నేదు," అన్నాడు దేముడు. రోజు కాగితంలో మాత్రం టిక్కు పడుతూనే ఉంది. ఆ వారం ఎవరి చెయ్యీ విరగలేదంటే పిల్లలకి పరీక్షలు, జనం పల్చగా ఉన్నారు. అంతకు మించి ఏ కారణమూ లేదు.

భాస్కరరావు గారు వచ్చి చూశారు. "బోర్డే కదండీ. తీయించేద్దాం. ఏమీ అవలేదు కదా."

ఆ మాటలకి నేనేమన్నానో ఇక్కడ రాయలేను. బండికి ఎర్ర స్టిక్కరు అంటించి ఆపేశాను. బోర్డు తీసి, ఫ్రేము కోసేసరికి సాయంత్రం నాలుగైంది. అప్పలనరసమ్మా నేనూ మళ్ళీ ప్రతి దూలం కిందా టేపు పట్టాం. ఇసక మూటలతో ఒకసారి నడిపాం. అప్పుడు ఆవిడే వెళ్ళి మిగతావాళ్ళని పిలుచుకొచ్చింది. ఇరవై మందీ ఎక్కారు. పని పాడవుతోందని ఓనరు ఒక్క మాట అనబోయారు, నా మొహం చూసి మానేశారు.

ఆవిడ అడగకపోయి ఉంటే, నేను సంతకం పెట్టేసి మధ్యాహ్నం భోజనానికి అనకాపల్లి చేరిపోయేదాన్ని. రెండోసారి. ఇరవై మూడేళ్ళ అనుభవంతో.

ఇప్పుడు ఏ ఊరు వెళ్ళినా టేపు ఒక కొస అక్కడి పనివాళ్ళ చేతికిస్తున్నాను. ఓనర్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. రిపోర్టులో నా సంతకం కింద ఇంకో గడి గీయించాను, కొలత పట్టినవారి పేరు అని. ఆ పార్కు స్టేషన్లో అద్దం వెనక పెట్టిన కాగితం మీద, ఆ గడిలో అప్పలనరసమ్మ వంకర అక్షరాలతో తన పేరు రాసింది. మీరు ఎప్పుడైనా అక్కడికి వెళితే నా సంతకం చూసి ఎక్కకండి. ఆ పేరు చూసి ఎక్కండి.