చొక్కా సైజు అడగని వారం

రొహేలియో మకరాయెగ్ అంత భయస్తుడు కాలిఫోర్నియా మొత్తం జల్లెడ పట్టినా ఇంకొకడు దొరకడు. డేలీ సిటీలో సొంతింటి తలుపు కూడా తట్టి, లోపల్నుంచి ఎవరని అడిగితే "నేనే, రావచ్చా" అనే మనిషి. శాన్ మటేయోలో మా భోజనాల కొట్టుకి పై అంతస్తే వాళ్ల ఆఫీసు. పైన ఎవరు తుమ్మినా కింద నా సూపు గిన్నె కదులుతుంది, అందుకని అక్కడి సంగతుల్లో నాకు తెలియనిది లేదు.

ఆ ఆఫీసు పేరు టిన్‌బెల్. స్టేషన్లో మైకు గొణిగేదాన్ని చెవిటివాళ్ల ఫోన్లో అక్షరాలుగా చూపిస్తారు. రైళ్ల రొదలోంచి మాటని ఏరే పని రొహేలియోది. ఆఫీసులో అతన్ని రోజర్ అంటారు. వాళ్లావిడ నెనీతకి నరాల జబ్బు. నెలనెలా వేసే సూది ఖరీదు వింటే, ఏ జబ్బూ లేనివాడికి కూడా కాళ్లు చచ్చుబడతాయి. దాన్ని భరించేది కంపెనీ బీమా. ఉద్యోగం పోతే బీమా పోతుంది, బీమా పోతే సూది పోతుంది, సూది పోతే నెనీత మంచం దిగలేదు.

అలాంటి సమయంలో అఖాతానికి అవతలున్న ఒక పెద్ద కంపెనీ టిన్‌బెల్‌ని కొంటోందని తెలిసింది. సరుకు కోసం కాదు, మనుషుల కోసం. హోటల్ కొని, గిన్నెలు చెత్తలో పారేసి, వంటవాళ్లని మాత్రం తీసుకుపోయినట్టన్నమాట. అందర్నీ తీసుకుపోరు. ఒక్కొక్కర్నీ పిలిచి తెల్లబోర్డు ముందు నిలబెట్టి పరీక్ష పెట్టారు. రొహేలియో బోర్డు మీద ఏదో రాసి, చెరిపి, మళ్లీ అదే రాశాడట. చెమటకి చేతిలోని పెన్ను జారి పరీక్ష పెట్టేవాడి బూటు మీద పడిందట.

ఫలితాలు శుక్రవారం. అంతదాకా నోరు విప్పొద్దని లాయర్లు యజమానిని కట్టడి చేశారు. ఆ యజమాని టోబియస్, ముప్పై కూడా నిండని కుర్రాడు. అతని నోరు మూతపడేసరికి అందరూ శకునాలు చూడ్డం మొదలుపెట్టారు.

సోమవారం ఆఫీసు పనులు చూసే ప్రిసిల్లా వచ్చి, రొహేలియోతో పనిచేసే డిమిత్రిని చొక్కా సైజు అడిగింది. తర్వాత కెల్సీని అడిగింది, ఇంకొందర్ని అడిగింది. ఇక్కడ కొత్త కంపెనీలో చేరిన రోజు ముందుగా చేతిలో పెట్టేది ఆ కంపెనీ పేరున్న చొక్కానే. సైజు అడిగారంటే ఉద్యోగం ఖాయమని ఆఫీసంతా నమ్మింది. డిమిత్రి నా దగ్గర అందరికీ లెచె ఫ్లాన్, అదే పాలూ గుడ్లూ కలిపి చేసే తీపి, కొనిపెట్టాడు.

రొహేలియోని మాత్రం అడగలేదు.

మంగళవారం మా కొట్లో అన్నం ముందు కూర్చుని, మెతుకు కూడా ముట్టలేదు.

"మర్చిపోయి ఉంటుందిలేరా తమ్ముడూ," అన్నాను.

"నా కుర్చీ పక్కనుంచే వెళ్లిందక్కా. నా వైపు చూడకుండా వెళ్లింది."

"నువ్వంత సన్నగా ఉంటే ఎవరికి కనబడతావు?"

నవ్వలేదు. నెనీతకి చెప్పావా అంటే, ఆమె మేలుకుని ఉన్నంతసేపూ ఇంట్లో మాట్లాడ్డమే మానేశానన్నాడు.

బుధవారం ఎక్కళ్లేని ధైర్యం తెచ్చుకుని ప్రిసిల్లా బల్ల ముందు నిలబడ్డాడు. ఈ మధ్య కాస్త లావయ్యానని, తనకిప్పుడు పెద్ద సైజు పట్టొచ్చని గాల్లోకి అన్నాడట. ప్రిసిల్లా అతన్ని చూసింది. కళ్లు నిండిపోయాయి. "నీకొద్దు రోజర్," అని, లేచి బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ మాటతో అతనిలో ఉన్న కాస్త ప్రాణమూ ఎగిరిపోయింది. గురువారం మా కొట్టుకి రానే లేదు. కారులో కూర్చుని, మిగిలిన సూదులు ఎన్నాళ్లొస్తాయో లెక్కేసుకున్నాడట.

శుక్రవారం టోబియస్ ఒక్కొక్కర్నీ అద్దాల గదిలోకి పిలిచాడు. మొదట డిమిత్రి. బయటికొచ్చేటప్పుడు అతని చేతిలో బూడిదరంగు చొక్కా ఉంది. దాని మీద కొత్త కంపెనీ పేరు లేదు. టిన్‌బెల్ అనీ, దాని కింద మొదలైన సంవత్సరమూ మూతపడిన సంవత్సరమూ, సమాధి రాయి మీద వేసినట్టు వేసి ఉన్నాయి. సైజు అడిగింది ఇంటికి పంపించేవాళ్లని. అది జ్ఞాపకంగా ఇద్దామని టోబియస్ కొట్టించిన చొక్కా. ప్రిసిల్లాకీ ఒకటి వచ్చింది, తన సైజు తనే రాసుకుంది.

రొహేలియో వంతొచ్చింది.

"వాళ్లొచ్చిందే నీకోసం రోజర్. నువ్వు రానంటే మమ్మల్నెవర్నీ కొనరు," అన్నాడు టోబియస్. కొత్త కంపెనీలోంచి నాలుగేళ్లు కదలడానికి లేదన్నాడు. అక్కడ అతని మొదటి పని టిన్‌బెల్‌ని మూసేయడమేనన్నాడు.

రొహేలియో ఒక్కటే అడిగాడు. "బీమా ఏ రోజు నుంచి?"

"సోమవారం నుంచే."

"మధ్యలో శని, ఆదివారాలు?"

టోబియస్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదట. ఆ రెండు రోజులూ పాత బీమాయే నడుస్తుందని రాసిచ్చాక గానీ ఇతను కుర్చీ వదల్లేదు.

కిందికి దిగొచ్చేసరికి డిమిత్రి నా కొట్లోనే కూర్చున్నాడు, ఆ చొక్కా తొడుక్కుని. "కూర్చో అన్నా, నీ అన్నం నువ్వు తిను," అన్నాడు. రొహేలియో ఎదురుగా కూర్చోలేక పొట్లం కట్టించుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నెనీత సూది ఒక్క నెలా తప్పడం లేదు. రొహేలియో భయం మాత్రం తగ్గలేదు, సంచీ సర్దుకుని అతనితోపాటే అఖాతం దాటింది. మొన్న ఆ పెద్ద కంపెనీలో వనభోజనాలట. చొక్కాలు పంచేందుకు ఒకమ్మాయి నవ్వుతూ అందర్నీ సైజు అడుగుతూ వచ్చింది. ఇతని దగ్గర ఆగింది.

రొహేలియో మొహం సున్నం కొట్టినట్టయిందట. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, "నాకు సైజు లేదమ్మా," అన్నాడట.