తాత నోట నానమ్మ పేరు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, చేతుల్లోకి టచ్ ఫోన్లు అప్పుడప్పుడే వచ్చిన రోజుల్లో, మనుషుల్ని బాగుచేసే పని దేవుడు నాకే అప్పజెప్పాడని గట్టిగా నమ్మేదాన్ని. వికారాబాద్‌లో కొత్తగా ఉద్యోగం దొరికింది. ఆఫీసులో వ్యక్తిత్వ వికాసం మీద ఒక పూట క్లాసు పెట్టించారు. (సమోసాలు కూడా పెట్టారు. క్లాసు నచ్చడానికి అదీ ఒక కారణం.) కొత్త సంవత్సరానికి ప్రతి మనిషికీ ఒక గోల్ ఉండాలి, దాన్ని నలుగురి ముందు పైకి చెప్పాలి, అప్పుడే ఎదుగుతాం అని ఆ సారు చెప్పిన ముక్క పట్టుకుని జనవరి ఒకటో తారీఖు పొద్దున్నే యాలాల్ దగ్గరి మా ఊళ్లో దిగాను. చూస్తే ఇంట్లో ఎదగడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

నేను వదిలితే కదా! అమ్మ చాయ్‌లో చక్కెర తగ్గిస్తానంది. బాపు రోజూ పొద్దున్నే నడుస్తానన్నాడు (పొద్దంతా కంది చేలో తిరిగే మనిషి). తాత మీసం దువ్వుకుంటూ, ఈ వయసులో నేను ఇంకా ఎక్కడికి ఎదగాలి బిడ్డా అని నవ్వేశాడు. ఇక మిగిలింది నానమ్మ. ఆమె నోట్లో వక్కను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చి, ఎవరి మొహమూ చూడకుండా అంది. "మీ తాత నన్ను పేరు వెట్టి ఒక్కపారి పిలవాలె."

అందరం తాత వైపు తిరిగాం. మా దిక్కు ఆ తరంలో ఆలుమగలు ఒకరి పేరు ఒకరు పలకరు. తాతకు నానమ్మ మామూలప్పుడు "ఓయ్", అవసరమైతే "ఇనవడ్తుందా", కోపమొస్తే "ఏమే". రేషన్ కార్డు కోసం వచ్చినవాళ్లు భార్య పేరు అడిగినా నన్ను ముందుకు తోసి నువ్వు చెప్పు బిడ్డా అనేవాడు. నేను సారు చెప్పిన రూలు తీసి, గోల్ అనేది మన చేతుల్లో ఉండాలి, ఇంకొకరి చేతుల్లో కాదు నానమ్మా అన్నాను. "నా పేరు నా చేతుల ఎన్నడున్నది బిడ్డా? మా తల్లి పోయినంక దాన్ని పిలిచినోళ్లే లేరు" అంది. ఆ మాటకు నా క్లాసంతా ఎటు పోయిందో తెలియదు. తాత కండువా దులుపుకుని బర్రెల కొట్టంలోకి వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి మా ఇల్లు పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూసే ఇల్లులా తయారైంది. నేను ఉద్యోగానికి ఇంటినుంచే రాకపోకలు పెట్టుకున్నాను, ఆ ముచ్చట ఎక్కడ చూడకుండా పోతానో అని. నానమ్మ తాతకు అన్నం పెట్టి, ఎప్పటికన్నా ఒక నిమిషం ఎక్కువ నిలబడేది. తాత నోరు తెరిచేవాడు. మేమంతా ముద్ద చేతిలోనే పట్టుకుని చూసేవాళ్లం. "ఉప్పు" అనేవాడు తాత. ఒకరోజు కొట్టంలో తాతను బర్రె ముందు నిలబెట్టి ఆ పేరు పలకడం నేనే అలవాటు చేయించాను. చెమటలు కక్కుతూ గొణిగాడు. బర్రె తలెత్తి చూసింది. చూశావా, పలికింది అన్నాను. "బర్రె ముందు ఐతది బిడ్డా. ఆమె ముందు నాలుక మడత వడ్తుంది" అన్నాడు పాపం. వారం తిరక్కముందే నానమ్మ నిలబడటం మానేసింది. పళ్లెం పెట్టేసి వెళ్లిపోయేది. నాకు అప్పుడు నిజంగా భయం పట్టుకుంది. ఇన్నేళ్లు కడుపులో దాచుకున్న కోరికను బయటికి లాగి అందరి ముందు ఆమెను చిన్నబుచ్చానా అని రెండు పూటలు అన్నం సయించలేదు.

అంతలో నానమ్మ కళ్లలో పొరలు వచ్చాయని వికారాబాద్ డాక్టరుకు చూపించడానికి ఇద్దర్నీ తాండూరు స్టేషన్‌కు తీసుకొచ్చాను. వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి టికెట్లకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి తాత ఒక్కడే ఉన్నాడు. ఇక్కడే ఉండె కదా అని బెంచీ కిందికి కూడా వంగి చూస్తున్నాడు. మా బండి ఇంకా రాలేదు. ఎదురుగా కర్ణాటక దిక్కు పోయే ప్యాసింజర్ ఆగి ఉంది. కన్నడం మాట్లాడుకుంటూ మూటలతో ఎక్కుతున్న ఆడవాళ్ల గుంపులో, దూరంగా, నానమ్మ పచ్చ చీర. అదే మన బండి అనుకుందన్నమాట. ఫోను లేదు, చదువు రాదు, చూపు ఆనదు. బండి కదిలితే ఎక్కడ దిగుతుంది, ఎవరికి ఏమని చెబుతుంది?

పరుగెత్తాను. మూటలు, బుట్టలు, మనుషులు, అడుగు పడటం లేదు. నానమ్మా అని అరిచాను. ఆ గుంపులో సగం మంది నానమ్మలే. వెనక నుంచి తాత ఓయ్ అన్నాడు, ఏమే అన్నాడు, ఇనవడ్తుందా అన్నాడు. ఎవరెవరి పెళ్లాలో తిరిగి చూశారు. ఆమె చూడలేదు. ఇంజను కూత వేసింది. నానమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అప్పుడు వినపడింది, చేలో అడవిపందుల్ని తరిమే ఆ గొంతుతో, నానమ్మ పేరు. (ఆ పేరు ఇక్కడ రాయను. అది తాత నోట వింటేనే బాగుంటుంది.) చాయ్ అమ్మేవాడు కెటిల్ దించి మరీ చూశాడు. తాత ఊపిరి తీసుకుని మళ్లీ పిలిచాడు, ఈసారి గొంతు పగిలింది.

నానమ్మ మెట్టు మీది కాలు తీసి కిందికి దిగింది. బండి కదిలి వెళ్లిపోయింది. నేను పోయి గట్టిగా పట్టుకునేసరికి ఆమె ఇంకా చుట్టూ వెతుకుతోంది. "ఎవరో పాపం నా పేరామెను పిలుస్తున్రు బిడ్డా. ఆమెకు ఇనవడ్తలేదేమో, చెప్దామని దిగిన."

నిన్నే నానమ్మా, పిలిచింది తాతే అన్నాను. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయాసపడుతూ వచ్చిన తాత వైపు ఆమె పొరల కళ్లతో చాలాసేపు చూసింది. "మల్లొక్కపారి పిలువు" అంది. తాత పట్టాల దిక్కు చూస్తూ, "నీ గోలు ఐపోయింది గదా" అన్నాడు. వికారాబాద్ దాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, తాత కండువా కొస మడతలు పెట్టుకుంటూ. నానమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ దారంతా నవ్వుకుంటూనే ఉంది.

ఇప్పుడు నాకూ సంసారం వచ్చింది. పిల్లలకు మమ్మీని, వాళ్లను చూసి మా ఆయనకూ మమ్మీనే. మొన్న తాండూరు స్టేషన్‌లో నాతో చదువుకున్నామె ఎవరో దూరం నుంచి నా పేరు పెట్టి పిలుస్తుంటే, ఈ పేరుగలామె ఇంకెవరబ్బా అని నేను కూడా చుట్టూ చూశాను. ఆ పక్కనే మా ఆయన, "మమ్మీ, నిన్నే" అన్నాడు. ఈ జనవరికి నీ గోల్ ఏంటని మా పిల్లలు రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పాలో నాకు తెలుసు. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు చెబుదామని చూస్తున్నాను.